అతిమధురం వార్తలో కిడ్నీ ఊసేదీ?

సంపాదకులు గారికి,

నమస్కారం.

షుగర్ ఉన్నవాళ్లకు వచ్చే కంటి శుక్లాలకు అతిమధురం మందని మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య వచ్చిన వార్త చదివాం. ఆ వేరు సారం ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైమును ల్యాబ్‌లో అడ్డుకుందని రాశారు. వెంటనే, రెండు పూటలా చెంచాడు పొడి వేడినీళ్లలో కలుపుకుని తాగమన్నారు. మొదటి మాటలో తప్పేమీ లేదు. అతిమధురంలోని ఐసోలిక్విరిటిజెనిన్ అనే పసుపురంగు పదార్థం ఈ ఎంజైమును ఆపుతుందని జపాన్ పరిశోధకులు 1990లోనే ప్రకటించారు. మా అభ్యంతరం ల్యాబ్ నుంచి చెంచా దాకా వేసిన గంతు మీద. అదే వేరులోని ఇంకో పదార్థం కిడ్నీలో కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ను అణచిపెట్టే ఎంజైమును మూసేస్తుంది. దాంతో బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో చాలామంది బీపీ మాత్రలు కూడా వేసుకుంటారు. ఆ పొడి తాగబోయేది వాళ్లే.

ముందు ఆల్డోస్ రిడక్టేజ్ సంగతి. కార్బన్‌కు ఆక్సిజన్ జోడుబంధంతో అతుక్కుని ఉన్న చోటును కార్బొనైల్ అంటారు. గ్లూకోజులో, కొవ్వులు చెడినప్పుడు పుట్టే ఆల్డిహైడ్లలో, ప్రొజెస్టిరాన్, కార్టిజోన్ వంటి స్టెరాయిడ్లలో, ఎన్నో మందుల్లో ఈ ముడి ఉంటుంది. ఎన్‌ఏడీపీహెచ్ అనే సాయక పదార్థం నుంచి హైడ్రోజన్ తెచ్చి ఆ ముడికి తగిలించి ఆల్కహాలుగా మార్చే ఎంజైములు మన ఒంట్లో పెద్ద బలగమే. ఆల్డోస్ రిడక్టేజ్ అందులో ఒకటి. గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. పశువుల వీర్యకోశాల్లో గ్లూకోజు ఈ దారిన ఫ్రక్టోజుగా మారడాన్ని 1956లో బెల్జియం శాస్త్రవేత్త హెర్స్ పట్టుకున్నారు. షుగర్ వచ్చిన ఎలుకల కంటి కటకంలో సార్బిటాల్ పేరుకుంటోందని 1959లో రూత్ వాన్ హేనింగెన్ చూపించారు. సార్బిటాల్ కణం పొర దాటి సులువుగా బయటికి రాదు. లోపలే ఉండి నీళ్లను లాక్కుంటుంది, కటకం ఉబ్బి మసకబారుతుంది. మామూలు రోజుల్లో ఈ దారి దాదాపు మూసే ఉంటుంది, ఎందుకంటే ఈ ఎంజైముకు గ్లూకోజు మీద పట్టు చాలా తక్కువ. అది సగం వేగం అందుకోవాలంటే గ్లూకోజు గాఢత పదుల మిల్లీమోలార్లలో ఉండాలి. రక్తంలో 100 మి.గ్రా. షుగర్ అంటే 5.5 మిల్లీమోలార్ మాత్రమే. షుగర్ అదుపులో ఉంటే ఈ ఎంజైముకు పెద్దగా పనే ఉండదన్నమాట. ఏ ఆకూ ఏ వేరూ అక్కర్లేని నిరోధం అదే.

ఇక 'అడ్డుకుంది' అన్న మాటను ల్యాబ్‌లో ఎలా తేలుస్తారో, అందులో ఎన్ని రకాలుగా బోల్తా పడొచ్చో చెప్పాలి. ఒక మిల్లీలీటరు గొట్టంలో 50 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 6.2. అందులో 0.4 మోలార్ లిథియం సల్ఫేట్, 5 మిల్లీమోలార్ మెర్కాప్టోఇథనాల్, 0.1 మిల్లీమోలార్ ఎన్‌ఏడీపీహెచ్, ఎంజైము, పరీక్షించాల్సిన సారం. చివర్లో, గ్లూకోజుకు బదులు ఎంజైము పట్టుకునే 10 మిల్లీమోలార్ గ్లిసరాల్డిహైడ్ కలిపి 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తగ్గడాన్ని నిమిషం నిమిషానికీ చూస్తారు. ఎన్‌ఏడీపీహెచ్ ఆ కాంతిని పీల్చుకుంటుంది, ఖర్చైపోతే పీల్చదు. దాని మోలార్ గుణకం 6220 కాబట్టి 0.1 మిల్లీమోలార్‌కు మొదటి రీడింగ్ 0.62 దగ్గర రావాలి. రాకపోతే అక్కడే ఆగాలి. ఒకరి పద్ధతిని ఒకరు మక్కీకి మక్కీ దించుకునే పత్రాల్లో ఈ మిల్లీమోలార్లన్నీ మైక్రోమోలార్లుగా అచ్చయి కనిపిస్తుంటాయి. 0.1 మైక్రోమోలార్ ఎన్‌ఏడీపీహెచ్‌కు వచ్చే రీడింగ్ 0.0006. మామూలు కాలేజీ ల్యాబుల్లోని ఏ యంత్రమూ దాన్ని చూడలేదు. అంటే అచ్చులో ఉన్న ప్రయోగాన్ని ఎవరూ చేసి ఉండరు.

ఎన్‌ఏడీపీహెచ్‌కు పులుపు పడదు. ఆమ్ల బఫర్‌లో, అందులోనూ ఫాస్ఫేట్‌లో, దానంతటదే విరిగిపోతుంటుంది. అందుకే కాస్త క్షారంగా ఉన్న నీళ్లలో కరిగించి, ఐసు మీద, వెలుతురు తగలకుండా ఉంచి, ఆ పూటే వాడేయాలి. పోలిక కోసం ఎంజైము లేని బ్లాంక్ ఒకటి, గ్లిసరాల్డిహైడ్ లేని బ్లాంక్ ఒకటి, సారంతో సహా రెండూ పెట్టాలి. ఇవి లేకపోతే దానంతటది విరిగిన ఎన్‌ఏడీపీహెచ్ కూడా ఎంజైము ఖాతాలో పడుతుంది. ఎంజైము పాతబడితే ఇంకో తంటా. దానిలోని 298వ స్థానపు సిస్టీన్ గాలికి ఆక్సీకరణం చెందితే ఈ ఎంజైమును ఆపుతుందని ముందే తెలిసిన సార్బినిల్ వంటి మందుకు కూడా లొంగదు. మెర్కాప్టోఇథనాల్ ఉన్నది అందుకే. తెలిసిన మందును పక్కన పెట్టి కొలవని పరీక్ష ఫలితాన్ని మేమైతే లెక్కలోకి తీసుకోం.

అతిమధురంతో వచ్చే చిక్కులు ప్రత్యేకం. ఐసోలిక్విరిటిజెనిన్ పసుపు రంగుది, 340 దగ్గర తనే కాంతిని గట్టిగా మింగుతుంది. సారం ఎక్కువైతే మొదటి రీడింగే 2 దాటిపోతుంది. అక్కడ యంత్రం చూపే అంకెకు విలువ ఉండదు, తగ్గుదల తెలియదు కాబట్టి 'ఎంజైము ఆగిపోయింది' అనిపిస్తుంది. పైగా ఈ వేరులోని తీపి పదార్థం గ్లిసిరైజిన్ కుంకుడు రసంలా నురగ పడుతుంది. గొట్టాన్ని గట్టిగా ఊపితే బుడగలు కాంతిని చెదరగొట్టి రీడింగ్ గెంతుతుంది. ఊపకుండా పిపెట్‌తో నెమ్మదిగా రెండుసార్లు పీల్చి వదలాలి.

రంగు దాటాక కూడా మొక్కల పదార్థాలతో మోసం ఉంది. క్వెర్సిటిన్, పసుపులోని కర్క్యుమిన్ లాంటివి నీళ్లలో గుంపుగా చేరి ఉండలు కట్టి, దొరికిన ప్రోటీన్‌నల్లా చుట్టేస్తాయి. అలాంటప్పుడు ఏ ఎంజైము పెట్టినా ఆగుతుంది. దీన్ని పట్టడానికి ఖర్చు లేని ఉపాయం ఉంది. అదే ప్రయోగాన్ని 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే సబ్బులాంటి పదార్థం కలిపి మళ్లీ చేయాలి. నిరోధం మాయమైతే అది ఎంజైములో కూర్చున్న మందు కాదు, ఉండ. సారాన్ని కరిగించే డీఎంఎస్ఓ 1 శాతం దాటకూడదు, బ్లాంక్‌లోనూ అంతే ఉండాలి. శుద్ధి చేసిన ఎంజైముకు బదులు నూరిన కటకాన్నే వాడితే అందులో గ్లిసరాల్డిహైడ్‌ను తినే ఆల్డిహైడ్ రిడక్టేజ్ అనే చుట్టం కూడా ఉంటుంది. దేన్ని ఆపామో అప్పుడు చెప్పలేం.

ఫార్మసీ కాలేజీల్లో ఎక్కువగా చేసే మేక కటకం ప్రయోగం గురించి కూడా ఒక మాట. కబేళా నుంచి తెచ్చిన కళ్లలోంచి కటకాలు తీసి 55 మిల్లీమోలార్ గ్లూకోజులో 72 గంటలు ఉంచుతారు. తెల్లబడితే శుక్లం అంటారు, సారం వేసినప్పుడు తెల్లబడకపోతే మందు అంటారు. తీసేటప్పుడు కత్తి మొన తగిలి పైపొర చిరిగినా కటకం తెల్లబడుతుంది. లేత పశువు కన్నును ఐసులో పెట్టి తెస్తే చల్లదనానికే లోపల తెల్లటి మసక వస్తుంది, గది వేడికి రాగానే పోతుంది. దీన్ని చూసి 'సారం శుక్లాన్ని కరిగించింది' అనుకునే వీలుంది. గ్లూకోజు గాఢతే నీళ్లను లాగే పని చేస్తుంది కాబట్టి, 5.5 మిల్లీమోలార్ గ్లూకోజుకు 49.5 మిల్లీమోలార్ మానిటాల్ కలిపిన జత కూడా పెట్టాలి. తెల్లదనాన్ని కంటితో చూసి మార్కులు వేయడం కాకుండా కటకంలో సార్బిటాల్ ఎంతుందో కొలిస్తేనే ఎంజైము ఆగిందో లేదో తెలిసేది.

ఈ గండాలన్నీ దాటి నిజంగా పనిచేసిన పదార్థాలు లేకపోలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ పని ఏళ్ల తరబడి శ్రద్ధగా చేసింది. ఉసిరిలోని టానాయిడ్లనే వగరు పదార్థాల మీద 2004లో, పసుపు మీద 2005లో అక్కడి నుంచి వచ్చిన పత్రాలు ఇప్పటికీ చదవదగ్గవి. తిండిలో 0.5 శాతం పసుపు కలిపితే షుగర్ తెప్పించిన ఎలుకల్లో శుక్లం ఆలస్యమైంది. ఆలస్యమైంది అంతే, ఆగలేదు. వాటి రక్తంలో షుగరూ తగ్గలేదు. అంతకుముందు 2003లో గెలాక్టోజు తినిపించిన ఎలుకల మీద అదే బృందం చేసిన పని మరీ ముఖ్యం. తిండిలో 0.002 శాతం కర్క్యుమిన్ ఉంటే శుక్లం మెల్లగా వచ్చింది. 0.01 శాతానికి పెంచితే మొదట కొంచెం ఆగినట్టే ఆగి, తర్వాత ఇంకా తొందరగా ముదిరింది. ఎక్కువ తింటే ఎక్కువ మేలు అనే లెక్క ఎలుకకే కుదరలేదు.

మనుషుల దగ్గరికొస్తే మోతాదు దగ్గరే బండి ఆగుతుంది. కర్క్యుమిన్ ఆల్డోస్ రిడక్టేజ్‌ను సగానికి తగ్గించడానికి సుమారు 10 మైక్రోమోలార్ కావాలి. రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ మింగినవాళ్ల రక్తంలోనే అది 2 మైక్రోమోలార్‌కు చేరలేదు. రక్తనాళాలే లేని కటకంలోకి అందులో ఎంత పోతుంది? పైగా ఎలుక కటకంలో ఈ ఎంజైము దండిగా ఉంటుంది, మన కటకంలో అంత లేదు. చుంచెలుకలో మరీ తక్కువ కాబట్టి దానికి షుగర్ శుక్లమే సరిగా రాదు. మనిషి ఎంజైమును దాని కటకంలో జన్యుమార్పిడితో పెట్టాకే వచ్చిందని 1995లో హాంకాంగ్ శాస్త్రవేత్తలు చూపించారు. మందుల కంపెనీలు గట్టి నిరోధకాలు చేసి కూడా చూశాయి. సార్బినిల్‌ను రోజుకు 250 మి.గ్రా. చొప్పున మూడేళ్లకు పైగా ఇచ్చిన పరీక్షలో రెటీనాకు చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదని 1990లో తేలింది. పైగా సుమారు 7 శాతం మందికి ఒంటికి పడక దద్దుర్లూ జ్వరమూ వచ్చాయి. టోల్‌రెస్టాట్ కాలేయాన్ని దెబ్బతీసి మార్కెట్ వదిలింది. మిగిలింది ఎపాల్‌రెస్టాట్. 1992లో జపాన్‌లో వచ్చింది, మన దేశంలోనూ దొరుకుతుంది. దాన్ని రాసేది కాళ్ల మంటలు, తిమ్మిర్లకు. శుక్లాలకు కాదు.

ఇప్పుడు కిడ్నీ. అడ్రినల్ గ్రంథి వదిలే ఆల్డోస్టిరాన్ కిడ్నీలో ఒక గ్రాహకానికి తగిలి, ఉప్పును ఒంట్లోనే ఆపి పొటాషియాన్ని మూత్రంలోకి తోస్తుంది. అదే గ్రాహకానికి కార్టిసాల్ కూడా అంతే గట్టిగా అతుక్కుంటుంది. రక్తంలో కార్టిసాల్ ఆల్డోస్టిరాన్ కంటే వంద రెట్లకు పైగానే ఉంటుంది. అయినా మనందరికీ ఉప్పు పేరుకుపోకపోవడానికి కారణం 11బీటా-హెచ్‌ఎస్‌డీ2 అనే ఎంజైము. ఆ కణాల్లోకి వచ్చిన కార్టిసాల్‌ను 11వ కార్బన్ దగ్గర కీటోనుగా మార్చి కార్టిజోన్ చేసేస్తుంది. కార్టిజోన్ ఆ గ్రాహకానికి అతకదు. ఆల్డోస్ రిడక్టేజ్ కార్బొనైల్‌ను ఆల్కహాలు చేస్తే ఇది ఆల్కహాలును కార్బొనైల్ చేస్తుంది. రెండూ వేర్వేరు కుటుంబాలవే గాని వ్యాపారం ఒకటే.

అతిమధురం తిన్నాక పేగుల్లోని బ్యాక్టీరియా గ్లిసిరైజిన్‌కున్న రెండు చక్కెర ఆమ్లాలను కోసేసి గ్లిసిరెటినిక్ ఆమ్లం చేస్తుంది. అది వెళ్లి ఈ కిడ్నీ ఎంజైమును మూసేస్తుంది. కార్టిసాల్ ఆల్డోస్టిరాన్ వేషం కట్టి ఉప్పును ఆపుతుంది. 1987లో బ్రిటన్ పరిశోధకులు ఈ గుట్టు విప్పేదాకా, లికోరైస్ (అంటే అతిమధురం) మిఠాయి ఎక్కువగా తిన్నవాళ్లకు బీపీ ఎందుకొస్తోందో సరిగా తెలియదు.

ఆల్డోస్ రిడక్టేజ్ ప్రయోగం చేసిన ల్యాబుకు ఇది కనిపించే అవకాశమే లేదు. ఆ గొట్టంలో పేగు బ్యాక్టీరియా ఉండదు, గ్లిసిరైజిన్ గ్లిసిరైజిన్‌గానే ఉండిపోతుంది. కిడ్నీ ఎంజైమును కొలిచే తీరు కూడా వేరు. దానికి కార్టిసాల్ మీద పట్టు ఎంత ఎక్కువంటే 50 నానోమోలార్ల దగ్గరే సగం వేగం అందుకుంటుంది. ఆ మోతాదులో కార్టిసాల్ మొత్తం మారిపోయినా 340 దగ్గర మార్పు 0.0003. యంత్రానికి అందాలని కార్టిసాల్‌ను మైక్రోమోలార్లకు పెంచితే, చోటు కోసం దానితో పోటీ పడే నిరోధకం పక్కకు జరిగిపోయి, లేనట్టే కనిపిస్తుంది. అందుకే రేడియోధార్మిక కార్టిసాల్‌ను గాని, ఎల్‌సీ-ఎంఎస్‌ను (పదార్థాలను విడదీసి బరువును బట్టి గుర్తించే యంత్రాన్ని) గాని వాడి కార్టిజోన్‌ను నేరుగా కొలవాలి. పదింట రెండు వంతులు మారేలోపే ప్రయోగం ఆపాలి. స్టెరాయిడ్లు ప్లాస్టిక్ గొట్టాలకు అంటుకుపోతాయి, గాజు మేలు. ఇది పొరలో కూరుకుని ఉండే ఎంజైము కాబట్టి పైన చెప్పిన ట్రైటాన్ ఇక్కడ పనికిరాదు, ఎంజైమునే చంపేస్తుంది.

మీరు రాసిన చెంచా లెక్క చూద్దాం. టీ చెంచాడు పొడి తూకానికి దాదాపు 3 గ్రాములు. రెండు పూటలకు 6 గ్రాములు. వేరును బట్టి గ్లిసిరైజిన్ 2 శాతం నుంచి 10 శాతం దాకా మారుతుంది. 4 శాతం అనుకుంటే 240 మి.గ్రా. రోజుకు 100 మి.గ్రా. మించకూడదని ఐరోపా సంఘం ఆహార శాస్త్ర కమిటీ 2003లో చెప్పింది. ఆ 240 మి.గ్రా. నుంచి పేగులో దాదాపు 137 మి.గ్రా. గ్లిసిరెటినిక్ ఆమ్లం పుట్టగలదు. ఐస్‌లాండ్‌లో 2001లో ప్రచురించిన పరీక్షలో రోజుకు 75 మి.గ్రా. గ్లిసిరెటినిక్ ఆమ్లం రెండు వారాలు అందిన ఆరోగ్యవంతులకే పై బీపీ 3 పాయింట్లు పెరిగింది, 540 మి.గ్రా. అందినవాళ్లకు 14 పాయింట్ల దాకా పెరిగింది. దగ్గొచ్చినప్పుడు చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే ఏమీ కాదు. నెలల తరబడి రోజూ చెంచాలు చెంచాలు తాగమనడం వేరే సంగతి.

హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్యురోసెమైడ్ వంటి నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లు ఈ పొడి జోలికి పోకూడదు. అవి కూడా పొటాషియాన్ని తోసేసేవే. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఆస్తమాకో కీళ్లకో ప్రెడ్నిసలోన్ వాడేవాళ్లలో గ్లిసిరెటినిక్ ఆమ్లం ఆ మందును విరగకుండా ఆపి ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతుంది, స్టెరాయిడ్ చెరుపు పెరుగుతుంది. స్టెరాయిడ్‌తో వచ్చే చెరుపుల్లో కంటి శుక్లం కూడా ఒకటి. దగ్గు సిరప్పుల్లో, బిళ్లల్లో, హెర్బల్ టీ పొడుల్లో యష్టిమధు పేరుతో ఉండేదీ ఇదే వేరు. మోతాదు చూసేటప్పుడు అదీ కలుపుకోవాలి.

ఆ వార్త చూసి ఇప్పటికే మొదలుపెట్టినవాళ్లు పొడి ఆపేసి, బీపీ చూపించుకుని, సీరం పొటాషియం పరీక్ష చేయించుకోవాలి. 3.5 కంటే తగ్గితే డాక్టరుకు చూపించాలి. పిక్కలు పట్టేయడం, మెట్లెక్కలేనంత నీరసం, పాదాల వాపు, గుండె దడ ఉంటే పరీక్ష దాకా కూడా ఆగొద్దు. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా మానొద్దు, పెంచొద్దు. అతిమధురం తాగుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే పొటాషియం ఎందుకు పడిపోయిందో దొరక్క, రెనిన్, ఆల్డోస్టిరాన్ పరీక్షల దాకా పోవాల్సి వస్తుంది. ఈ వేరు వల్ల అయితే ఆ రెండూ తక్కువగానే ఉంటాయి. పొడి ఆపినా ఎంజైము కోలుకోవడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు కాబట్టి, ఆపిన మూడో రోజు బీపీ చూసుకుని 'దీనివల్ల కాదు' అనుకోకూడదు.

ఈ ఉత్తరంలో మరేదీ వేయడానికి చోటు లేకపోయినా, దీనికి ముందున్న రెండు పేరాలను ఆ వార్త వేసిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో వేయమని మనవి.

ఇట్లు,
ఎంజైముల ప్రయోగశాలల్లో పనిచేసే బయోకెమిస్ట్రీ అధ్యాపకులు,
హైదరాబాద్